పెనుగాలిలో తెరచాప పడవ

ఆవిరియంత్రము వచ్చిన పిమ్మట సరకుల రవాణాలో తెరచాప ఓడకు స్థానము క్రమముగా తగ్గిపోయినది. అయినను తెరచాప సముద్రమును విడిచిపోలేదు. ఇంగ్లండు, ఫ్రాన్సు, అమెరికా, ఆస్ట్రేలియా మొదలగు దేశములలో సెలవుదినములందు విహరించుటకు చిన్న తెరచాప పడవలను ఉంచుకొను కుటుంబములు నేటికిని అనేకము కలవు. ఈ పడవలు సాధారణముగా 25 మొదలు 40 అడుగుల పొడవుండును. నలుగురైదుగురు పరుండుటకు బల్లలు, ఒక చిన్న పొయ్యి, మంచినీటి తొట్టి లోపల అమర్చబడి యుండును. తీరము వెంబడి తిరుగు ఈ పడవలే అప్పుడప్పుడు దూరసముద్రపు పందెములలో కూడ పాల్గొనుచుండును. తండ్రి చుక్కాని పట్టగా పిల్లలు, మిత్రులు తెరచాపలను సవరించుచుందురు.

గాలి మితముగా నున్నంతవరకు ఇది ఒక వినోదము. గాలి పెనుగాలిగా మారినపుడు మాత్రము పడవలోని వారు చేయు ప్రతి పనియు భౌతికశాస్త్ర నియమములతో ముడిపడి యుండును. తెరచాపను ఎంత కుదింపవలెను? అలకు పడవ ఏ వైపు చూపవలెను? పడవ బోర్లపడినచో దానిని విడువవలెనా, పట్టుకొని యుండవలెనా? ఈ ప్రశ్నలకు సమాధానములపై ప్రాణములు ఆధారపడి యుండును. 1979 సంవత్సరపు ఫాస్ట్‌నెట్ పందెము దీనికి గొప్ప నిదర్శనము.

ఫాస్ట్‌నెట్ పందెము

ఐర్లండు దక్షిణతీరమునకు దూరముగా సముద్రములో ఫాస్ట్‌నెట్ అను ఒంటరి శిల యొకటి గలదు. దానిపై ఒక దీపస్తంభము నిలిచియున్నది. ఇంగ్లండు దక్షిణముననున్న వైట్ ద్వీపములోని కౌస్ రేవు నుండి బయలుదేరి, ఈ శిలను చుట్టి, ప్లిమత్ రేవునకు చేరుట నాటి పందెపు మార్గము. దూరము సుమారు 600 నాటికల్ మైళ్ళు. ఈ పందెము 1925లో 7 పడవలతో ప్రారంభమైనది. 2021 నుండి పందెపు గమ్యము ఫ్రాన్సులోని షెర్‌బూర్ రేవునకు మార్చబడినది.

1979 ఆగస్టు 11వ తేదీన 303 పడవలు కౌస్ నుండి బయలుదేరినవి. వాటిలో పెద్ద పడవలు కొన్ని మాత్రమే. అధికభాగము కుటుంబములును స్నేహితులును నడపుకొను చిన్న పడవలు. 13వ తేదీ రాత్రి అట్లాంటిక్ మహాసముద్రము మీదుగా వచ్చిన అల్పపీడనము అనుకొనిన దానికంటె త్వరగా బలపడినది. ఐర్లండుకును ఇంగ్లండుకును మధ్యనున్న సముద్రములో గాలి బోఫర్టు కొలమానమున 10వ అంకెకు చేరినది. అనగా సగటు వేగమే 48 మొదలు 55 నాట్లు. ఒక నాట్ అనగా గంటకు 1.85 కిలోమీటర్లు. కావున ఆ గాలి గంటకు 90 మొదలు 100 కిలోమీటర్ల వేగముతో వీచినదన్నమాట. విసురులు అంతకు మించి యుండెను. 40 అడుగుల ఎత్తుగల అలలను చూచితిమని పలువురు నావికులు చెప్పిరి.

పందెములో పాల్గొన్న వారిలో 15 మంది ఆ తుపానులో మరణించిరి. 303 పడవలలో 85 మాత్రమే పందెమును ముగించినవి. 194 పడవలు మధ్యలో విరమించుకొన్నవి. 24 పడవలను నావికులు విడిచిపెట్టిరి. వాటిలో 5 మునిగిపోయినవి. అతి పెద్ద పడవల తరగతిలో 14 బయలుదేరి 13 గమ్యము చేరగా, అతి చిన్న పడవల తరగతిలో 58 బయలుదేరి ఒక్కటి మాత్రమే చేరినది. ఆ ఒక్క పడవ పేరు అసెంట్. అది కాంటెస్సా 32 అను రకమునకు చెందిన 32 అడుగుల కుటుంబపు పడవ. యజమాని కుమారుడు దానిని నడపెను.

ఇట్టి వ్యత్యాసములకు కారణమేమి? దీనిని తెలిసికొనుటకు పడవపై పనిచేయు బలములను పరిశీలింపవలెను.

గాలి బలము, వేగపు వర్గము

తెరచాప వంపు తిరిగిన రెక్క వంటిది. గాలి దాని ఇరుప్రక్కల ప్రవహించునపుడు ఒక ప్రక్క పీడనము తగ్గి, రెండవ ప్రక్క హెచ్చును. ఈ భేదము వలన తెరచాపపై బలము కలుగును. విమానపు రెక్కను పైకెత్తునదియు ఇట్టి బలమే. గాలికి ఏటవాలుగా పోవునపుడు ఈ బలములో కొంత అంశ మాత్రమే పడవను ముందునకు నడపును. మిగిలిన పెద్ద అంశ దానిని ప్రక్కకు నెట్టును. ఈ ప్రక్క త్రోపును ఎదుర్కొనుటకు పడవ అడుగున నీటిలోనికి నిలువుగా దిగియుండు బరువైన రెక్క యొకటి అమర్చబడును. దీనిని కీల్ అందురు.

గాలి కలిగించు పీడనము దాని వేగపు వర్గమునకు అనుపాతములో నుండును. గాలి వేగము రెండింతలైనచో బలము నాలుగింతలగును. 10 నాట్ల గాలి ఒక చదరపు మీటరుపై కలిగించు పీడనము సుమారు 16 న్యూటన్లు. 50 నాట్ల గాలికి ఇది సుమారు 400 న్యూటన్లగును. 30 చదరపు మీటర్ల తెరచాపపై లెక్కించినచో మొదటి సందర్భమున బలము 50 కిలోల బరువునకు సమానము. రెండవ సందర్భమున 1,200 కిలోలకు పైమాట. గాలి అయిదింతలు కాగా బలము ఇరువది అయిదింతలైనది. కావుననే అనుభవము గల నావికుడు గాలి ముదురుటకు ముందే తెరచాపను కుదించును. ఆలస్యము చేసినచో గుడ్డను దించుటకు కూడ మనుష్యుల బలము చాలదు.

పడవను నిలబెట్టునది ఏమి?

తెరచాపపై గాలి ఒక వైపునకును, నీటిలోని కీల్‌పై నీరు దానికి ఎదురు వైపునకును త్రోయును. ఇవి రెండును వేరువేరు ఎత్తులలో పనిచేయుట వలన బలయుగ్మమై పడవను ఒక ప్రక్కకు ఒరగజేయును. ఒరగిన పడవను నిటారుగా నిలుపునది మరియొక బలయుగ్మము. పడవ బరువు దాని గురుత్వకేంద్రము ద్వారా క్రిందికి లాగును. నీటి ఉత్ప్లవన బలము నీటిలో మునిగిన భాగపు కేంద్రము ద్వారా పైకి త్రోయును. పడవ ఒరగినపుడు మునిగిన భాగపు ఆకారము మారి, ఉత్ప్లవన కేంద్రము ఒరగిన వైపునకు జరుగును. అపుడు ఈ రెండు బలముల రేఖల మధ్య కొంత దూరము ఏర్పడును. పడవ బరువును ఈ దూరముచే గుణించినచో వచ్చునదే నిలబెట్టు భ్రామకము.

ఒక ఉదాహరణమును తీసికొందము. 4 టన్నుల బరువుగల పడవ ఒరగినపుడు ఈ దూరము 25 సెంటీమీటర్లు ఉన్నదనుకొందము. నిలబెట్టు భ్రామకము 1,000 కిలోగ్రాము-మీటర్లగును. 20 నాట్ల గాలిలో 30 చదరపు మీటర్ల తెరచాప కలిగించు ఒరగజేయు భ్రామకము కూడ సుమారుగా ఇంతయే. పడవ ఆ కోణమున సమతాస్థితిలో నిలుచును. అదే గాలి 40 నాట్లయినచో ఒరగజేయు భ్రామకము 4,000 అగును. దానిని ఎదుర్కొనవలెనన్నచో పై దూరము ఒక మీటరు కావలెను. ఇంత చిన్న పడవకు అది సాధ్యము కాదు. కావున తెరచాప వైశాల్యమును నాలుగవ వంతునకు తగ్గింపవలసినదే.

పడవ స్థిరత్వమునకు రెండు మూలములు గలవు. మొదటిది వెడల్పు. వెడల్పైన పడవ కొద్దిగా ఒరగగనే ఉత్ప్లవన కేంద్రము ప్రక్కకు చాల దూరము జరుగును; కావున మొదట్లో అది చాల గట్టిగా నిలుచును. రెండవది అడుగుబరువు. కీల్ అడుగున సీసమునో ఇనుమునో పోసినచో గురుత్వకేంద్రము క్రిందికి దిగును. ఈ రెండింటికిని గల భేదమును చెక్కపలకతోను, తంజావూరు బొమ్మతోను పోల్చి చూపవచ్చును. వెడల్పైన చెక్కపలక నీటిపై ఒరగక తేలును గాని, తిరగవేసినచో తిరగబడినట్లే తేలుచుండును. అడుగున బరువుగల తంజావూరు బొమ్మ కొద్దిపాటి త్రోపునకే ఊగును గాని, పూర్తిగా పడవేసినను మరల లేచి నిలుచును.

పడవ ఒరగుకొలది నిలబెట్టు భ్రామకము మొదట పెరిగి, పిదప తగ్గి, ఒకానొక కోణమున శూన్యమగును. ఆ కోణము దాటినచో భ్రామకపు దిశ మారి, పడవ పూర్తిగా బోర్లపడును. ఈ కోణమును స్థిరత్వపు అంత్యకోణము అనవచ్చును. కాంటెస్సా 32 పడవ బరువు సుమారు 4.3 టన్నులు కాగా అందులో 2 టన్నులకు పైగా అడుగుబరువే. దాని అంత్యకోణము సుమారు 155 డిగ్రీలు. అది తలక్రిందులైనను ఆ స్థితి దానికి స్థిరమైనది కాదు. మరియొక చిన్న అల వచ్చి కదల్చినచో తిరిగి నిలబడును. అప్పటి పందెపు నిబంధనలకు అనువుగా కట్టిన వెడల్పైన తేలిక పడవలు కొన్నింటికి ఈ కోణము 120 డిగ్రీలకు లోబడి యుండెను. అట్టివి బోర్లపడినచో ఆ స్థితియందే స్థిరముగా నిలిచియుండగలవు. ఆ రాత్రి కొన్ని పడవలు నిమిషముల కొలది తలక్రిందులుగా ఉండిపోయినవి.

పడవను పడవేయునది గాలియా, అలయా?

కీల్ గల పడవను గాలి మాత్రమే తలక్రిందులు చేయుట అరుదు. పడవ మిక్కిలి ఒరగినచో తెరచాప గాలికి ఎదురుగా నుండక నీటిపై వాలిపోవును; గాలి దానిపైనుండి జారిపోవును; పడవ మరల లేచును. పడవను బోర్లవేయు శక్తి విరుగు అలకు గలదు.

లోతైన నీటిలో అల వేగము దాని తరంగదైర్ఘ్యముపై ఆధారపడి యుండును. 10 సెకండ్ల ఆవర్తనకాలము గల అల పొడవు సుమారు 156 మీటర్లు. వేగము సెకండునకు 15.6 మీటర్లు, అనగా సుమారు 30 నాట్లు. పడవ వేగమునకు మాత్రము ఒక హద్దు గలదు. పడవ నీటిని చీల్చుకొని పోవునపుడు తాను కూడ ఒక అలను పుట్టించును. ఆ అల పొడవు పడవ నీటిమట్టపు పొడవుతో సమానమైనప్పుడు పడవ తన అలయొక్క పల్లములోనే చిక్కుకొనును. నీటిమట్టమున 24 అడుగుల పొడవుగల పడవకు ఈ వేగము సుమారు ఆరున్నర నాట్లు. కావున చిన్న పడవ తుపాను అలను తప్పించుకొని పరుగెత్తజాలదు. పెద్ద పడవలకు ఈ హద్దు హెచ్చు; అవి దూరమును త్వరగా దాటగలవు. వాటి బరువు కూడ హెచ్చగుటచే అలల తాకిడికి అంతగా లొంగవు.

సాధారణపు అలలో నీరు ముందునకు ప్రవహింపదు. ఉన్నచోటనే వలయముగా తిరుగుచుండును. నీటిపై తేలు టెంకాయ అలతోపాటు లేచి దిగునే గాని దానితో కొట్టుకొనిపోదు. అల ఎత్తు దాని పొడవులో ఏడవ వంతునకు చేరినపుడు మాత్రము దాని శృంగము నిలువలేక విరుగును. అపుడు శృంగములోని నీరు నిజముగనే అలవేగముతో ముందునకు దుముకును. టన్నుల కొలది నీరు గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పడవ ప్రక్కను ఢీకొనునన్నమాట. 1979లో తుపాను నడుమ గాలి నైరృతి నుండి పడమటి వైపునకు తిరిగెను. పాత దిశలో వచ్చు అలలును, క్రొత్త దిశలో పుట్టిన అలలును ఒకదానినొకటి దాటుచు, కలిసిన చోటులందు నిటారుగా లేచి విరిగినవి.

ఈ దుర్ఘటన తరువాత ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయమున నమూనా పడవలను నీటితొట్లలో విరుగు అలలకు అడ్డముగా నిలిపి పరీక్షించిరి. అల ఎత్తు పడవ పొడవులో 30 శాతమైనపుడు కొన్ని నమూనాలు తిరగబడినవి. 60 శాతమైనపుడు ఏ నమూనాయు నిలువలేదు. 32 అడుగుల పడవకు 60 శాతమనగా 19 అడుగులు. కావున ఎంత చక్కగా కట్టినను చిన్న పడవ తిరగబడదని హామీ ఇచ్చుటకు వీలులేదు. అది తిరగబడిన పిదప లేచునా లేదా అనునదే నిర్మాత చేతిలో నున్న సంగతి.

తెరచాప స్తంభము విషయములో ఒక వింత గలదు. స్తంభము విరిగిపోయినచో పైబరువు తగ్గుటచే పడవ స్థిరత్వము పెరుగునని తోచును. కాని జరుగునది వేరు. త్రాటిపై నడచువాడు చేత పొడవైన గడను పట్టుకొనును. గడ జడత్వ భ్రామకము హెచ్చుగా నుండుటచే వాడు త్వరగా ప్రక్కకు తిరిగిపోడు. పొడవైన స్తంభము పడవకు అట్టి గడ వంటిది. అల తాకిడి క్షణకాలమే యుండును. ఆ క్షణములో పడవ నెమ్మదిగా తిరుగుట మేలు. స్తంభమును పోగొట్టుకొన్న పడవ మునుపటికంటె సులభముగా తిరగబడును.

విచారణలో తేలిన విషయములు

పందెము ముగిసిన పిదప రెండు బ్రిటిష్ నౌకాక్రీడా సంఘములు కలిసి విచారణ జరిపి, ఆ సంవత్సరము డిసెంబరులోనే నివేదికను ప్రకటించినవి. ప్రశ్నపత్రములకు సమాధానములిచ్చిన పడవలలో సుమారు సగము నీటిపై ప్రక్కకు పడిపోయినట్లును, మూడవ వంతు అంతకు మించి తిరిగినట్లును తేలినది. కొన్ని పడవల చుక్కానులు విరిగిపోయినవి. నావికులను పడవకు కట్టియుంచు రక్షణపట్టీలు కొన్ని తెగిపోయినవి.

అన్నిటికంటె ఆలోచింపదగినది తెప్పల సంగతి. ఆపదలో దిగుటకై ప్రతి పడవలోను గాలి నింపుకొను రబ్బరు తెప్ప ఉండెను. తెప్పలకు సంబంధించిన ప్రమాదములలో ఏడుగురు మరణించిరి. వీరు విడిచిపెట్టిన పడవలు మాత్రము తరువాత తేలుచు కనబడగా రేవులకు లాగి తెచ్చిరి. విడిచిపెట్టిన 24 పడవలలో 19 మునుగనే లేదు. చీకటిలో, స్తంభము విరిగి, మోకాలులోతు నీరు నిండిన పడవలో నున్నవారికి అది మునుగుచున్నదని తోచుట సహజమే. కాని టన్నుల బరువుగల పడవను త్రిప్పివేసిన అలకు తేలికైన తెప్ప ఒక లెక్క కాదు. పడవ నిజముగా మునుగుచున్నపుడే, తెప్ప పడవకంటె ఎత్తుగా నున్నదను స్థితిలోనే దానిలోనికి ఎక్కవలెనని నాటి నుండి నావికులకు బోధించుచున్నారు.

తుపానులో పడవను నడపుటకు ఏ ఒక్క పద్ధతియు అన్నిటికంటె మేలని విచారణలో తేలలేదు. అయినను అలకు అడ్డముగా పడియుండుట మిక్కిలి అపాయకరమని నీటితొట్టి పరీక్షలు రుజువు చేసినవి. పడవ అణియమునో అమరమునో, అనగా ముందుకొననో వెనుకకొననో, అలవైపు ఉంచగలిగినచో అల తాకు వైశాల్యము తగ్గును. నిలువునా పడవను త్రిప్పుట అలకు కష్టము. దీనికై అమెరికను విమానశాస్త్ర ఇంజనీరు డొనాల్డ్ జోర్డాన్ ఒక సాధనమును రూపొందించెను. పొడవైన త్రాటికి వందకు పైగా చిన్న గుడ్డశంకువులను వరుసగా కట్టి, చివర ఒక బరువు వ్రేలాడదీసి, అమరము నుండి నీటిలోనికి విడుతురు. అల పడవను ముందునకు విసరబోగా ఈ శంకువులు నీటిని పట్టుకొని వెనుకకు లాగును. పడవ అడ్డము తిరుగదు.

విచారణ ఫలితముగా పందెపు నియమములు మారినవి. పడవలకు కనీసపు స్థిరత్వము, బలమైన చుక్కానులు, గట్టి రక్షణపట్టీలు, మాటలు పంపగల రేడియోలు అవసరమైనవి. 2007లో తుపాను రాబోవుచున్నదని తెలిసి పందెమును 25 గంటలు వాయిదా వేసిరి. పిమ్మట బయలుదేరిన 271 పడవలలో 200కు పైగా మధ్యలో విరమించుకొని సమీపపు రేవులను చేరినవి. విరమించుట ఓటమి కాదు, నావికవిద్యలో ఒక భాగమేనని 1979 నేర్పిన పాఠము అప్పుడు ఉపయోగపడినది.

తెలుగునాటి తీరమునకు కూడ ఇట్టి సంఘటనతో కొంత సంబంధము గలదు. 2018లో ఒంటరిగా భూమిని చుట్టు గోల్డెన్ గ్లోబ్ పందెములో భారత నౌకాదళ అధికారి అభిలాష్ టోమీ దక్షిణ హిందూ మహాసముద్రమున తుపానులో చిక్కుకొనెను. అతని పడవ తురీయ బోర్లపడి స్తంభములు విరిగిపోయినవి; వెన్నెముకకు గాయమైనది. తిరిగి లేచిన పడవలోనే అతడు పరుండి సహాయమునకై వేచియుండెను. మూడు దినముల పిదప ఫ్రెంచి ఓడ యొకటి అతనిని రక్షించినది. అక్టోబరులో భారత యుద్ధనౌక సాత్పురా అతనిని విశాఖపట్టణమునకు చేర్చినది. 2022లో ఆరంభమైన తరువాతి పందెములో పాల్గొని అతడు రెండవ స్థానమును పొందెను.

తరగతిలో చేయదగిన ప్రయోగము

స్థిరత్వపు నియమములను పాఠశాలలో సులభముగా చూపవచ్చును. మూతగల రెండు ప్లాస్టిక్ సీసాలను తీసికొనవలెను. మొదటిదానిలో ఒక ప్రక్క వెంబడి తడిమట్టిని అదిమి అంటింపవలెను. రెండవది ఖాళీగా నుంచవలెను. రెండింటిని నీటితొట్టిలో వేసి, పై ప్రక్కను గుర్తించి, చేతితో తలక్రిందులుగా త్రిప్పి విడువవలెను. మట్టిగల సీసా వెంటనే తిరిగి మొదటి స్థితికి వచ్చును. ఖాళీ సీసా ఎట్లు త్రిప్పిన అట్లే ఉండును. తరువాత ఒక వెడల్పైన చెక్కపలకను త్రిప్పి చూచి, పై రెండింటితో పోల్చవలెను. మట్టి పరిమాణమును తగ్గించుచు, ఎంత బరువుతో సీసా నెమ్మదిగా లేచునో, ఎప్పుడు లేవకుండునో విద్యార్థులు పట్టిక వ్రాసికొనవచ్చును.

మట్టిగల సీసా ఎట్లు లేచినదో, ఆ ఆగస్టు రాత్రి అనేక కుటుంబపు పడవలును అట్లే లేచినవి. లేచిన పడవను నమ్ముకొని అందే నిలిచిన నావికులలో అధికులు ప్రాణములతో తీరము చేరిరి. పెనుగాలి వచ్చిన పిమ్మట పడవ అడుగుబరువును పెంచుటకు వీలులేదు; రేవులో నున్నపుడే దానిని ఆలోచింపవలెను. తెరచాపను మాత్రము సకాలమున తగ్గించుట, పడవ తేలుచున్నంతవరకు దానిని విడువకుండుట నావికుని చేతిలోని పనులు.